పదిహేనేళ్లుగా ఎరుగుదును

నాయకుల ఆఫీసుల్లో కొత్తగా పనికి చేరిన పిల్లలు ఒకరిద్దరు అప్పుడప్పుడు నన్ను వెతుక్కుంటూ వస్తారు. చాయ్ చేతికిచ్చేలోపే అందరి నోటా ఒకటే ప్రశ్న. "సార్, మా నాయకుడి బాగోతం అంతా పేపర్లో వచ్చింది కదా. పార్టీలో ఒక్కడూ నోరు మెదపడేం? సిగ్గుండదా వీళ్లకి?"

సిగ్గు ఉంటుంది బాబూ. అదే అసలు చిక్కు.

ముప్పై ఏళ్లు దాటి నేను ఈ పని చేశాను. ఒక వార్డు నాయకుడి దగ్గర మొదలుపెట్టి, ఎమ్మెల్యేల దగ్గర చేసి, కొన్నాళ్లు ఒక మంత్రి బంగళాలో కూడా ఉత్తరాలు టైపు చేశాను. నా జీతం ఎప్పుడు పెరిగిందో, ఏ కుర్చీ నుంచి ఏ కుర్చీకి మారానో మీకు అక్కర్లేదు. ఈ ప్రశ్నకు మాత్రం నాకు తెలిసిన జవాబు రాసి పెడతాను. భయం వల్ల అంటారు కొందరు, ఆశ వల్ల అంటారు కొందరు. రెండూ ఉంటాయి. కానీ ఆ రెండూ పెద్దగా లేనిచోట కూడా మనుషులు చెడ్డపేరు వచ్చిన నాయకుణ్ణి వదలకపోవడం నేను చూశాను. చూడడమేమిటి, వదలనివాళ్లలో నేనూ ఒకణ్ణి. అది ఎనభైల్లో, కామాటిపురాలో, నా మొదటి కొలువులో జరిగింది.

నా మొదటి చిట్టీ

మాది మహబూబ్‌నగర్ జిల్లా. షోలాపూర్‌లో మేనమామ ఇంట్లో ఉండి మరాఠీ, ఇంగ్లీషు టైపు నేర్చుకున్నాను. బొంబాయిలో దిగేటప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. కట్టడం పనికి వచ్చిన మా ఊరివాళ్లు కామాటిపురాలో ఒక చాళ్‌లో ఉండేవారు. మూడంతస్తుల పాత కట్టడం, ప్రతి అంతస్తుకూ పొడవాటి చెక్క వరండా, దాని వెంట వరసగా ఖోలీలు. ఒక్కో ఖోలీ అంటే ఒక్క గది, అందులో ఒక సంసారం. మాది సంసారం కాదు కాబట్టి ఏడుగురం ఉండేవాళ్లం.

మూడో రోజు నన్ను పోశెట్టన్న దగ్గరికి తీసుకుపోయారు. ఆయన మా వార్డుకు పార్టీ అధ్యక్షుడు, రెండుసార్లు కార్పొరేటరు. ఆయన తాత ఈ ఊళ్లో రాళ్లు మోయడానికి వచ్చినవాడు. చాళ్ కింది అంతస్తులో రెండు గదులు కలిపి ఆఫీసు పెట్టుకున్నాడు. భారీ మనిషి, తెల్ల లాల్చీ, దవడలో తంబాకు.

"ఏ ఊరు?" అన్నాడు. చెప్పాను.

"మీ నాయిన పేరేంది?" చెప్పాను.

"మిషను కొట్టొస్తదా?"

"వస్తదన్నా."

"అయితె కూసో. రేషన్ కార్డుకు చిట్టీ గావాలె గద, నీ చిట్టీ నువ్వే కొట్టుకో. పదిహేనేండ్ల సంది ఎరుక అని కొట్టు."

"నేనొచ్చి మూడు దినాలే అయిందన్నా."

ఆయన పొట్ట ఊగేట్టు నవ్వాడు. "మీ నాయిన పేరు చెప్పినవ్ గద? మీ నాయిన నాకు ఎరుకే. ఇగ నువ్వెట్ల ఎరుక లేవు? కొట్టు."

మా నాయన జన్మలో బొంబాయి చూడలేదు. అయినా కొట్టాను. "సదరు వ్యక్తిని నేను గత పదిహేనేళ్లుగా స్వయంగా ఎరుగుదును" అని మరాఠీలో. కింద పోశెట్టన్న తెలుగులో సంతకం పెట్టాడు. ఆయనకు చదువంటే ఆ సంతకం ఒక్కటే. బండరాయంత అక్షరాలు. కాగితం మరాఠీదైనా ఇంగ్లీషుదైనా కింద తెలుగు సంతకమే. రేషనాఫీసు వాళ్లు, బడి వాళ్లు ఆ అక్షరాలను బొమ్మను గుర్తుపట్టినట్టు గుర్తుపట్టేవారు. ఆ చిట్టీతో నాకు రేషన్ కార్డు వచ్చింది. మర్నాటి నుంచి ఆయన ఆఫీసులో నేనే రైటర్ని.

ఆఫీసు సంగతులు

ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపు నిండినట్టుంటుంది. పొద్దున్నే నల్లా దగ్గర ఆడవాళ్ల తగవులతో తెల్లారేది. ఎనిమిదింటికల్లా ఆఫీసు ముందు జనం. బిడ్డను బడిలో వేయాలి, చిట్టీ. ఆసుపత్రిలో మంచం దొరకాలి, చిట్టీ. పెళ్లి సంబంధం వస్తే దానికీ చిట్టీయే. అందులో మాత్రం కామాటిపురా అని కొట్టనిచ్చేవారు కాదు, చుట్టుపక్కల గల్లీల్లోని సానికొంపల వల్ల ఆ పేరుకు మచ్చ. "ఫాక్‌లాండ్ రోడ్ పక్కన అని కొట్టు రైటర్, కామాటిపురా అంటే అవతలోళ్లు నవ్వుతరు" అనేవారు. ఫాక్‌లాండ్ రోడ్డు పేరు చెబితే ఇంకా ఎక్కువ నవ్వేవాళ్లు ఉంటారని వాళ్లకు చెప్పబుద్ధి అయ్యేది కాదు.

బతుకమ్మకు తంగేడు దొరక్క దాదర్ మార్కెట్ నుంచి బంతిపూల గంపలు తెప్పించేవాడు పోశెట్టన్న. గల్లీలో ఆడుతుంటే కుర్చీ వేసుక్కూర్చుని, పాటలో చరణం తప్పిన వాళ్లను గట్టిగా తిట్టేవాడు. పరంజా మీంచి కూలివాడు పడ్డాడని తెలిస్తే తింటున్న కంచం తోసేసి ఆసుపత్రికి పోయేవాడు, నేను వెనక. డాక్టరు అడగకముందే "నా మనిషి" అనేవాడు. ఆయన్ను నేను ప్రేమించాను. ఇది ముందే చెప్పకపోతే తర్వాత రాసేది మీకు అర్థం కాదు.

మధ్యాహ్నం భోజనం బాలమణక్క ఖోలీలో. రెండో అంతస్తు, పద్నాలుగో నంబరు. నలభై దాటిన మనిషి, భర్త పోయాడు, పిల్లల్లేరు. జొన్నరొట్టెలు చేసి మాలాంటి ఒంటరిగాళ్ల కడుపు నింపేది. నాకు మాత్రం రొట్టె మీద అడగకుండానే వెన్నపూస రాసేది. "రాసుడు పనోనివి, కండ్లు పోతయ్ తమ్మీ" అనేది.

పనిలో ఒక పద్ధతి చెప్పాలి. ప్రతి చిట్టీకీ కార్బన్ నకలు తీసేవాణ్ణి. పోశెట్టన్న అసలు మీదా నకలు మీదా కూడా సంతకం పెట్టేవాడు, ఏది ఏదో ఆయనకు తెలియదు కాబట్టి. నకళ్లు నా వెనక బీరువాలో. మరి ఆ పదిహేనేళ్లు ఎక్కడివి అంటే, నాకంటే ముందున్న రైటర్ పదిహేను అని కొట్టేవాడు, నేనూ అదే కొట్టాను. నిన్న దిగినవాడికీ పదిహేనే, ముసలివాడికీ పదిహేనే. ఎవరినీ అడగాల్సిన పనిలేదు, చేయి అలవాటుగా పోయేది.

పద్నాలుగో నంబరు

నేను చేరిన మూడో ఏడు వానల్లో చాళ్ వెనకభాగం గోడ కూలింది. దేవుడి దయ, ఎవరికీ ఏమీ కాలేదు. అధికారులు కట్టడం ప్రమాదకరమని రాసి, ఉన్నవాళ్లను తాత్కాలికంగా వేరే క్యాంపుకు తరలిస్తామన్నారు. ఆ జాబితాలో పేరున్నవాళ్లకే తర్వాత కట్టే కొత్త భవనంలో గది. ఎవరు ఏ ఖోలీలో ఉంటున్నారో స్థానిక నాయకుడు రాసివ్వాలి.

అప్పుడు బాలమణక్క ఊళ్లో లేదు. చెల్లెలు జబ్బుపడితే చూసుకోవడానికి మా జిల్లాకే పోయింది. పోశెట్టన్న చాళ్ మొత్తానికి జాబితా చెబుతున్నాడు, నేను కొడుతున్నాను. పద్నాలుగు దగ్గర ఒక్క క్షణం ఆగి, తన బామ్మర్ది పేరు చెప్పాడు.

నేను తలెత్తి చూశాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. "కొట్టు రైటర్" అన్నాడు మెల్లగా. కొట్టాను. అలాంటివే ఇంకో నాలుగు ఖోలీలు ఆ రోజు చేతులు మారాయి. ఆ నాలుగింటిలోనూ అప్పటికే ఎవరూ ఉండడం లేదు. పద్నాలుగు అలా కాదు.

అంతకు మూడు నెలల ముందే బాలమణక్క రేషన్ కార్డు తన పేరు మీదికి మార్చుకోవడానికి చిట్టీ కొట్టించుకుంది. పద్నాలుగో ఖోలీలో ఉంటుందనీ, పదిహేనేళ్లుగా ఎరుగుదుననీ. అసలు కాగితం రేషనాఫీసు వాళ్లు తీసుకుని ఎక్కడో పోగొట్టారు, కార్డు ఇంకా మారలేదు. ఖోలీ అద్దె రసీదులు ఎవరో చనిపోయినాయన పేరు మీద వచ్చేవి. కామాటిపురాలో సగం రసీదులు అంతే కాబట్టి ఎవరాయన అని నేను అడగలేదు. ఆమె అక్కడ ఉందని చూపే కాగితం ఇక ఒక్కటే, నా బీరువాలో ఉన్న నకలు.

ఒకే బండి

ఆమె తిరిగొచ్చి, పేరు లేదని తెలుసుకుని, ఏడ్చి, ఊరుకోలేదు. ఒక మరాఠీ పేపరువాడికి చెప్పింది. అయిదు ఖోలీల కథ అచ్చయింది, పోశెట్టన్న ఫోటోతో సహా. విచారణకు ఒక అధికారి వచ్చాడు. సన్నటి మనిషి, కళ్లజోడు. రేషనాఫీసు నుంచీ బడుల నుంచీ మా చిట్టీలు ఓ కట్ట తెచ్చి నా బల్ల మీద పరిచాడు. ఒక్కొక్కటీ చదువుతూ నవ్వడం మొదలుపెట్టాడు.

"క్యా రైటర్, సబ్ లోగ్ ఏక్ హీ గాడీ సే ఆయే థే క్యా?"

పదిహేనేళ్ల కింద అందరూ ఒకే బండి దిగారా అని. గదిలో ఉన్నవాళ్లెవరూ నవ్వలేదు. ఆయన కట్ట కట్టుకుంటూ, మీ నాయకుడు తప్పుడు కాగితాలు ఇచ్చాడని తేలితే ఇవన్నీ మళ్లీ చూడాల్సి వస్తుంది అని మామూలుగా చెప్పి పోయాడు. ఆ మాట సాయంత్రానికల్లా అన్ని వరండాల్లోనూ తిరిగింది.

చేతులెత్తిన ఆదివారం

పార్టీ పైవాళ్లు తెలివైనవాళ్లు. మీ వార్డు కమిటీ ఏమంటే అదే అన్నారు. కమిటీలో తొమ్మిదిమంది. అందులో సాయిలు ముకద్దం పెద్దవాడు, కట్టడాలకు కూలీలను తోలుకుపోయే మేస్త్రీ. తనే అధ్యక్షుడు కావాలని ఏళ్లుగా కలలు కంటున్నవాడు. పోశెట్టన్నను దింపడానికి అంతకంటే మంచి అదను రాదు. బాలమణక్కకు మాట కూడా ఇచ్చాడు. "నువ్వొచ్చి ముంగట కూసో అక్కా. ముందుగాల నేనే లేస్త" అని.

ఆదివారం మధ్యాహ్నం సంఘం హాల్లో మీటింగు. ఆమె ఉతికిన చీర కట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చుంది. సాయిలు లేచాడు. ఆమె వైపు చూడలేదు.

"పేపరోడు ఏమన్న రాస్తడు. పోశెట్టన్న మనకు తండ్రి లెక్క. ఆయనతోని ఉన్నోళ్లు చెయ్యెత్తుండ్రి" అన్నాడు.

తొమ్మిది చేతులూ లేచాయి. మినిట్సు రాస్తున్నది నేనే. బాలమణక్క కొంచెంసేపు ఆ చేతులన్నిటినీ ఒక్కొక్కటిగా చూసింది. తర్వాత లేచి, కొంగు దులుపుకుని, మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఇరానీ హోటల్లో సాయిలును పట్టుకున్నాను. నాకు ఒళ్లు మండుతోంది. "మాటిచ్చి ఇదేం పని?" అన్నాను.

సాయిలు చాయ్ సాసర్లో పోసుకుని చల్లార్చుకున్నాడు. "నువ్వు మిషను కొట్టెటోనివి, నీకు నేను జెప్పాల్నా? నా కార్డు ఎట్లొచ్చింది? ఆయన చిట్టీ తోని. నా బిడ్డ బడిల ఎట్ల పడ్డది? ఆయన చిట్టీ తోని. నా కింద అరవై మంది కూలోళ్లు, అందరియి ఆయన చిట్టీలే. ఆయన దొంగ అని నేను చెయ్యెత్తితె, ఆయన రాసిందంత ఝూటానే గద? ఇగ నేనెవర్ని? మనమందరం ఎవలం?"

"బాలమణక్క మాటేంది మరి?"

"పాపమే" అన్నాడు. నిజంగానే అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు కూడా. "తొమ్మిది మందిమీ పాపమే అనుకున్నం రైటర్. గల్లీ మొత్తం పోవాల్నా, ఒక్క ఖోలీ పోవాల్నా?"

తర్వాత ముప్పై ఏళ్లు పెద్ద పెద్ద ఆఫీసుల్లో ఇదే చూశాను. అక్కడ చిట్టీలు కాదు, టికెట్లు, పదవులు, సంఘాలకు స్థలాలు. కానీ సంగతి అదే. నాయకుడి మీద మచ్చ పడగానే అనుచరులు ఆయన మొహం చూడరు, తమ చేతిలో ఆయన సంతకం ఉన్న కాగితం చూసుకుంటారు. తాము ఎవరో చెప్పేది ఆ కాగితమే. ఆయన్ను కాదంటే ముందుగా చెల్లకుండా పోయేది తామే. అందుకే ఎంత పెద్ద మచ్చయితే అంత గట్టిగా పట్టుకుంటారు. అది మంచిదని నేననడం లేదు. పిరికితనమే. కాకపోతే తీరిగ్గా నవ్వుకునేంత చిన్న పిరికితనం కాదు.

నకలు

మర్నాడు పొద్దున బాలమణక్క ఆఫీసుకు వచ్చింది. పోశెట్టన్న లేడు. నా బల్ల ముందు నిలబడింది, కూర్చోమన్నా కూర్చోలేదు.

"తమ్మీ, కార్డుకు చిట్టీ కొట్టినవ్ గద. దాని నకలు ఉంటది గద నీ తాన?"

ఆ నకలు ఇస్తే ఒకే ఖోలీకి ఇద్దరి పేర్లు రాసి ఒకే మనిషి సంతకం పెట్టినట్టు తేలిపోతుంది. ఆమెకు గది వస్తుంది. పోశెట్టన్న పోతాడు. ఆ వెనక సాయిలు, సాయిలు కూలీలు, ఆ పైన మూడు రోజుల్లో పదిహేనేళ్లవాణ్ణి అయిన నేను.

"లేదక్కా. వానలో తడిసి పాడైపోయినయ్."

బీరువా నా వీపు వెనకే ఉంది. ఆమె దానివైపు ఒకసారి చూసింది, నా మొహంవైపు ఒకసారి చూసింది. "సరే తమ్మీ" అంది. వారం లోపల సామాను కట్టుకుని ధారావిలో తెలిసినవాళ్ల దగ్గరికి వెళ్లిపోయింది. నకలు నేను ఇంటికి తీసుకుపోయి నా ట్రంకు పెట్టె అడుగున పెట్టుకున్నాను. ఇవ్వడానికీ చేయి రాలేదు, చింపడానికీ రాలేదు.

మూడేళ్లకు పోశెట్టన్న మంచం పట్టాడు. రుజువు కాగితం దొరక్క విచారణ ఎప్పుడో మూతపడింది, అధ్యక్ష పదవి అప్పటికీ ఆయనదే. ఒక పొద్దున చూడ్డానికి పోతే అందరినీ బయటికి పంపేశాడు.

"బాలమణి చిట్టీ నకలు ఉన్నదా?"

"ఉన్నదన్నా."

"చింపలె?"

"లేదు."

కప్పు వైపు చూస్తూ చెప్పాడు. "ఆ దినం కొట్టు అని నీకు జెప్పి బయటికి చూసిన. నువ్వు కొట్టనంటవేమో అనుకున్న. మిషను ఆగలె. మీటింగుల ఒక్కడన్న లేస్తడనుకున్న. ఒక్కడు లేవలె."

పోయే ముందు మనిషి బరువు దింపుకోవడానికి ఇలాంటివి అంటాడు. ఖోలీ తిరిగిచ్చే చేతులు ఆయనకూ ఉండేవి కదా, ఆయనెందుకు లేవలేదు? ఈ మాట అప్పుడే అనాలనిపించింది, అనలేదు. కానీ ఆ మాటలో నిజం లేదని మాత్రం ఇప్పటికీ అనలేను. మేం ఆయన్ను కాపాడామనుకున్నాం. ఆయన్ను ఆపేవాళ్లు లేకుండా చేశాం, అంతే.

ఆ మర్నాడే నకలు తీసుకుని ధారావి వెళ్లాను. సగం రోజు తిరిగితే దొరికింది. ఇరుకు సందులో, రేకుల కింద, పొయ్యి ముందు రొట్టె చరుస్తోంది. జుట్టు నెరిసింది. నన్ను చూసి చేయి ఆపలేదు. జరిగినదంతా చెప్పాను. అబద్ధమాడానని చెప్పాను. పద్నాలుగో నంబరుకు బదులుగా వచ్చే గదిని పోశెట్టన్న బామ్మర్ది ఎప్పుడో ఇంకొకరికి ఇచ్చేశాడనీ, ఈ కాగితంతో ఇక వచ్చేదేమీ లేదనీ కూడా చెప్పాను.

"ఏం రాసి ఉన్నదో సదువు" అంది. ఆమెకు చదువు రాదు.

చదివి తెలుగులో చెప్పాను. ఈమె పద్నాలుగో ఖోలీలో ఉంటున్నదనీ, పదిహేనేళ్లుగా ఎరుగుదుననీ.

రొట్టె పెనం మీద వేసి, చేతులు తుడుచుకుని, మొదటిసారి నా వైపు తిరిగింది.

"పదిహేనేండ్లా?"

"అందరికీ అంతే కొట్టేటోణ్ణి అక్కా."

"ఆ రసీదుల మీది పేరు మా తాతది. ఆ చాళ్ కట్టినప్పుడు రాళ్లు మోసిండు. నేను ఆ ఖోలీల్నే పుట్టిన తమ్మీ. ఆ గల్లీల గా ముచ్చట ముసలోళ్లందరికీ ఎరుకే. నువ్వే అడగలె."

ఈ ఖోలీలోనే పుట్టింది, రసీదులో ఉన్నాయన మనవరాలు అని ఆ రోజు ఒక్క వాక్యం కొట్టి ఉంటే, ఆ గదిని ముట్టుకునే ధైర్యం పోశెట్టన్నకు కూడా ఉండేది కాదు. గల్లీలో ఉన్న అన్ని అబద్ధాలతోపాటు ఆమె నిజాన్ని కూడా ఒకే అచ్చులో పోసింది నేనే.

ఆమె రొట్టె తీసి, దాని మీద వెన్నపూస రాసి, నా ముందు పెట్టింది. మూడేళ్లు ఆమె చేతి రొట్టె తిన్నాను. ఎక్కడ పుట్టావక్కా అని ఒక్కనాడూ అడగలేదు.